బీబీ సహనక్ గడప దాకా

కరీంనగర్ నుంచి భైంసా పోవడానికి మంచి దారి ఏదని మా బడిలో లెక్కల మాస్టారును అడిగితే, పోకుండా ఉండటమే మంచిదన్నారు. ఆయన ఒకసారి పోయివచ్చి వారం రోజులు నడుం పట్టుకుని తిరిగిన మనిషి. ఆ దారిన పోయేవాళ్లకు నేను కూడా ముందే చెబుతున్నాను: బస్సులో వెనక సీటు జోలికి పోకండి, కిటికీకి అద్దం ఉంటుందని ఆశపడకండి, చలికాలమైతే దుప్పటి ఒకటి చంకన పెట్టుకోండి. ఇవి తప్ప ఆ ప్రయాణంలో పడ్డ కష్టమేదీ నాకిప్పుడు గుర్తు లేదు. మిగిలిందంతా పొగమంచులోంచి చూసినట్టు, సగం నిద్రలో విన్నట్టు మనసులో ఉండిపోయింది.

బయలుదేరింది నా పని మీద కాదు, మా అక్క పని మీద. మేము దూదేకులవాళ్లం. నమాజు అరబ్బీలో, మాటామంతీ తెలుగులో. మా బాపు ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకి నన్ను చదివిస్తే నేను కరీంనగర్‌లో తెలుగు పంతులునయ్యాను. అక్క ఇమాంబీ నాకంటే చాలా పెద్దది. పోలీసు చర్య నాటి గందరగోళంలో ఆమె మొదటి భర్త, పత్తి కొనుక్కొస్తానని నాందేడ్ వైపు పోయి తిరిగి రాలేదు. అప్పటికి ఆమె కూతురు రహీమా చంకలో పిల్ల. కొన్నేళ్లు ఎదురుచూసి, ఇక రాడని తేలాక, బాపు అక్కకు మెట్‌పల్లిలో మా పనే చేసే ఒకాయనతో మళ్లీ నికా చేయించాడు. బావ మంచివాడు. రహీమాను కన్నబిడ్డలా పెంచాడు. ఆ రహీమాకే ఇప్పుడు భైంసాలో సంబంధం కుదిరింది.

పెండ్లికి ముందు ఆడపిల్ల ఇంట్లో బీబీ సహనక్ చేస్తారు. ప్రవక్తగారి బిడ్డను మా ఆడవాళ్లు బీబీ అని ప్రేమగా పిలుచుకుంటారు. ఆమె పేరు మీద కొత్త మట్టి పళ్లేల్లో అన్నం, పెరుగు, చక్కెర, నెయ్యి కలిపి పెట్టి, ఆమె కథ చదివించుకుని, ఆడవాళ్లు మాత్రమే కూర్చుని తింటారు. మగవాడి చూపు కూడా ఆ పళ్లెం మీద పడకూడదు. దానికి మాకు చింతేమీ లేదు, హోటలుకు పోయి చాయ్ తాగుతాం. చింతంతా ఇంకో కట్టుబాటుతో వచ్చింది. మారుమనువు చేసుకున్న ఆడది సహనక్‌కు కూర్చోకూడదు. బియ్యం కడగవచ్చు, పెరుగు తోడు వేయవచ్చు, గడప మాత్రం దాటకూడదు. రెండో నికా అయిననాటి నుంచి అక్క ఎవరింటి సహనక్‌లోనైనా బయటే కూర్చుంది. ఇప్పుడు సొంత బిడ్డ సహనక్‌కు కూడా బయటే కూర్చోవాలి.

"ఉస్తానీబీ సరే అంటే మాకేం అడ్డం లేదు" అని కాబోయే వియ్యపురాలు కబురు చేసింది. ఉస్తానీబీ సరే అనదని ఆమె ధీమా. భైంసాలో ఆడపిల్లలకు ఖురాన్ నేర్పేది ఉస్తానీబీ, ఆడవాళ్లు కూడిన చోట చదివేది ఆమె, పోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించేది ఆమె. ఆ పెద్దరికం ఆమెకు ఏ మదరసా ఇవ్వలేదు. అయినా ఆడవాళ్ల సంగతుల్లో ఆమె మాట మీద మాట లేదు. వియ్యాలవారి కోరిక మీద రహీమా సహనక్ చదవడానికి రమ్మని ఆమెను ఎలాగూ పిలవాలి. ఆ పిలుపుతో పాటే తన సంగతి కూడా అడుగుతానని అక్క పట్టుబట్టింది. "కాదంటె ఆమె నోటితోనే కాదననీ తమ్మీ. గప్పుడు ఇగ సప్పుడు చెయ్య" అన్నది.

ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే డ్రైవరు రోడ్డును చూసి కాక అలవాటును బట్టి నడుపుతున్నట్టనిపించింది. జగిత్యాలలో బస్సు ఆగితే నీళ్ల చాయ్ తాగాను. కోరుట్ల దాటాక ఎండ వచ్చింది. పది దాటాక మెట్‌పల్లిలో దిగేసరికి అక్క బురఖా వేసుకుని, రొట్టెల మూట పట్టుకుని నిలబడి ఉంది. పక్కన బావ. చొక్కా మీద, కనుబొమల మీద దూది నూగు. ఆర్మూర్ బస్సు వచ్చి మేం ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరకు వచ్చి, "జర మంచిగ అడుగుండ్రి" అన్నాడు. అంతే, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ బస్సులో అక్క పక్కన ఒక పద్మశాలి ముసలామె కూర్చుంది. చీరల మూట ఒళ్లో పెట్టుకుని, ఆర్మూర్ అంగట్లో అమ్మడానికి పోతోంది. "ఏడికి పోతున్రు బిడ్డా?" అని అడిగింది. అక్కకు దాచుకునే అలవాటు లేదు. సంగతంతా చెప్పేసింది. ముసలామె మూట మీద చేతులు పెట్టుకుని విన్నది.

"మాదాంట్లె గంతే బిడ్డా," అన్నది. "నా బిడ్డ పెండ్లినాడు ముండరాలు ఎదురు రావద్దని నన్ను అర్రల కూసుండబెట్టిండ్రు. బాజాలు ఇన్న. పెండ్లి సూడలే."

"మరి మీరు అడగలేదా అవ్వా?" అన్నాను.

"ఎవల్ని అడగాలె కొడుకా? గట్ల అడగాలెనని కూడ ఎరుకలేకపాయె."

ఆ తరువాత ఆమె అక్క చేయి తన చేతిలోకి తీసుకుని, ఆర్మూర్ వచ్చేదాకా విడవలేదు. ఒకరి పేరు ఒకరు అడగలేదు కూడా. దిగేటప్పుడు మాత్రం "పోయి అడుగు, భయపడకు" అని చెప్పి మూట నెత్తిన పెట్టుకుని పోయింది.

ఆర్మూర్‌లో నల్లటి రాళ్లగుట్టల నీడన కూర్చుని జొన్నరొట్టెలు, ఉల్లికారం తిన్నాం. నిర్మల్ బస్సు ఒంటిగంటకని చెప్పారు. రెండింటికి వచ్చింది. ఈసారి నా పక్కన తెల్లటోపీ పెట్టుకున్న యువకుడు కూర్చున్నాడు. ఉత్తరాదిన ఎక్కడో చదువుకుని కొత్తగా వచ్చిన మౌల్వీ అట. నిర్మల్ దగ్గరి ఊరివాడు. మెత్తని మనిషి, మాట కూడా మెత్తన. మేం వెళ్తున్న పని చెప్తే తల అడ్డంగా ఆడించాడు.

"గీ సహనక్‌లు, గీ పళ్లేలు మన దీన్‌ల, ఖురాన్‌ల ఏడ లేవన్నా. ఎన్కటి నుంచి ఆడోళ్లు పట్టుకొని వస్తున్రు. దాంట్ల మల్ల మారుమనువు ఆమె కూసోవద్దనుడు ఇంకింత తప్పు. ప్రవక్తగారిని చేసుకునేనాటికి ఆయన మొదటి భార్య కూడ మొగడు పోయిన ఆమెనే గద. ఆమె కంటె ఎక్కువోళ్లా వీళ్లు?"

ముందు సీట్లో ఉన్న అక్క వెనక్కి తిరిగింది. "అయితె నేను కూసోవచ్చునా మౌల్వీసాబ్?"

ఆయన ఇబ్బంది పడ్డాడు. "అసలు సహనకే చెయ్యద్దంటున్నమ్మా. చేసుడే లేకపోతె కూసునుడు మాటెక్కడిది?"

అక్క ముందుకు తిరిగింది. ఇంతలో సోన్ వంతెన మీదికి వచ్చాం. కింద గోదావరి సగం ఇసుక, సగం నీళ్లు. చలికాలపు ఎండ నీళ్ల మీద పడి, అటు గట్టు ఎక్కడో ఇటు గట్టు ఎక్కడో తెలియకుండా వెలుగుతోంది. వంతెన మీద బస్సు నెమ్మదిగా పోతుంటే ఆ వెలుతురు అందరి ముఖాల మీదా కదిలింది. మాట్లాడేవాళ్లు మాటలాపారు. నాకు ఎక్కడికి పోతున్నామన్న ధ్యాసే పోయింది. అట్లా పోతూనే ఉంటే బాగుండనిపించింది. వంతెన దాటాక అక్క నా వైపు వంగి, మౌల్వీకి వినిపించకుండా మెల్లగా అన్నది:

"ఒకలు నన్ను లేవుమంటున్రు తమ్మీ. ఒకలు పళ్లెమే లేపుతమంటున్రు. మరి నేను కూసునేదెక్కడ?"

నిర్మల్‌లో బస్సు మారాం. అక్కడి నుంచి భైంసా దాకా దారంతా పత్తిబండ్లు. బండ్ల మీంచి రాలిన పత్తి తుమ్మకొమ్మలకు చిక్కుకుని తెల్లగా పూసినట్టుంది. దూదేకులవాడి కొడుకును కదా, దారిలో పడ్డ పత్తిని చూస్తే ఇప్పటికీ దిగి ఏరుకోవాలనిపిస్తుంది. పొద్దుగూకే వేళకు భైంసా చేరాం. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరిన నూగు ఊరంతా గాలిలో తేలుతోంది. ఆ ఎర్రటి వెలుతురులో మనుషులు, ఎడ్లు, దుకాణాలు అన్నీ పలచని ముసుగు వేసుకున్నట్టు కనిపించాయి. గట్టిగా మాట్లాడితే ఆ ఊరు కరిగిపోతుందేమోనన్నంత వింతగా ఉండింది.

ఉస్తానీబీ ఇల్లు ఖిల్లా గల్లీలో ఉంది. అక్క లోపలికి పోయింది, నాకు బయటి అరుగు మీద చాప వేశారు. ఆమె ముఖం నేను అప్పుడూ చూడలేదు, తరువాతా చూడలేదు. తలుపుకు కట్టిన పరదా సందులోంచి ఒక ముడతల చేయి వచ్చి రెండు జొన్నరొట్టెలు, వేడి పిట్ల పెట్టిన తట్ట అందించింది. "తిను బాబా. గిది మా భైంసా తిండి. మరాఠోళ్ల దగ్గర నేర్చినం" అన్నది గొంతు. శనగపిండితో చేసిన ఆ పిట్ల రుచి నాకు చాలా రోజులు నోట్లో ఉండింది.

ఆ రోజు జుమ్మేరాత్, అంటే గురువారం. దీపాలు పెట్టే వేళకు గల్లీలోని ఆడవాళ్లంతా వచ్చి లోపల కూర్చున్నారు. మరునాటి నుంచి ఆ ఊర్లో పెండ్లిళ్లున్నాయట, అందుకని ఉస్తానీబీ బీబీ పెండ్లి కథ చదివింది. దక్కనీ ఉర్దూ, పాతకాలపు మాటలు. నాకు సగమే తెలిసింది. ఆ గొంతు చదువుతున్నట్టు లేదు, పక్కింట్లో నిన్న జరిగిన పెండ్లి చెబుతున్నట్టుంది. బీబీని పెండ్లికూతుర్ని చేస్తున్నారు. తల దువ్వాల్సిన తల్లి అప్పటికే కాలం చేసింది. తల్లి గుర్తుకొచ్చి అక్కడున్న ఆడవాళ్ల కండ్లు నిండాయి. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి ఇక్కడ లోపలున్న ఆడవాళ్లు కూడా ఏడ్చారు. అరుగు మీద ఒంటరిగా పడుకున్న నాకు కూడా కన్నతల్లి, చనిపోయిన మా అవ్వ గుర్తుకొచ్చింది. అవ్వ కోసం ఏడ్చి చాలా ఏళ్లయింది. ఆ పూట ఏడ్చాను.

అందరూ వెళ్లిపోయాక అక్క అడిగింది. పరదా అవతల మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"గిది నేను పెట్టిన ఖాయిదా కాదు బిడ్డా," అన్నది ఉస్తానీబీ. "మా అమ్మీ నాకు చెప్పింది. ఆమెకు ఆమె ఉస్తానీ చెప్పింది. నేనెట్ల తెంపాలె?"

"బస్సుల ఒక మౌల్వీసాబ్..."

"ఎరుకే. గిసుంటోళ్లు మా ఊర్ల కూడ వచ్చిన్రు. సహనకే వద్దంటున్రు. వాళ్ల తీరుగ పోతె రేపు ఆడోళ్లు కూడి కూసునే జాగనే ఉండది."

"ఆయన మాట నాకద్దు ఉస్తానమ్మా. నాకు సహనక్ గావాలె. ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకున్రి. ఇప్పుడు చదివిండ్రు గద, బీబీ పెండ్లిల తల్లి లేకపాయెనని అందరు ఏడ్చిండ్రని. ఆ తల్లి బతికుంటె, ఏడ కూసుండబెట్టేటోళ్లు? ప్రవక్తగారితోని ఆమెది కూడ మారుమనువే గద?"

 ఆమె కోప్పడుతుందని నేను అరుగు మీద లేచి కూర్చున్నాను. "అలిసిపోయినవు, పండుకో బిడ్డా" అన్న మాట మాత్రం వినిపించింది.

పొద్దున్నే అక్క ముఖం చూడగానే పని కాలేదని తెలిసింది. ఉస్తానీబీ నమాజు చేసుకుని, రాత్రి మాట ఎత్తకుండా చాయ్ పోసిందట. "అడిగిన గద, ఇగ సాలు" అంటూ అక్క మూట కట్టుకుంది. మేం బస్సు ఎక్కి కూర్చున్నాం. కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాక ఒక బురఖా ఆమె చిన్న రేకుపెట్టెతో మెల్లగా వచ్చి ఎక్కింది. గొంతు విని గుర్తుపట్టాను.

"సహనక్ చదవమని పిలిచిండ్రు గద బాబా. వస్తున్న" అన్నది ఉస్తానీబీ. అక్క జరిగి కిటికీ పక్కన చోటిచ్చింది.

రాత్రి అడిగిన దానికి జవాబేమిటో మెట్‌పల్లి దాకా ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం మాకు లేదు. తిరుగుదారిలో అవే పత్తిబండ్లు, అదే నది. సోన్ వంతెన మీద ఆమె కిటికీ వైపు ముసుగు కాస్త తీసి నీళ్లను చూసింది. "ఇంత పెద్దగున్నదా?" అన్నది తనలో తాను. ఆమె అంతకుముందు గోదావరి దాటలేదట.

ఒక రోజు వ్యవధిలో వియ్యపురాలు తన తరఫు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మెట్‌పల్లి వచ్చింది. సహనక్ రోజు పొద్దున్నే మగవాళ్లందరినీ ఇంట్లోంచి తరిమేశారు. బావా నేనూ ఎదురుగా దూదేకే కొట్టంలో కూర్చున్నాం. అక్క ఎప్పటిలాగే ఉతికిన చీర కట్టుకుని, గడప బయట చాప వేసుకుని కూర్చుంది. లోపల రహీమా, పిలిచిన ఆడవాళ్లు, ఉస్తానీబీ. పరదా వేశారు. చదవడం మొదలైంది. ఎండ మెల్లగా కొట్టంలోకి వచ్చి దూది కుప్పల మీద పడింది. నాకు మళ్లీ ఆ భైంసా మైకమే కమ్మింది. బీబీ తల దువ్వే చోటికి కథ వచ్చింది. అక్కడ గొంతు ఆగిపోయింది.

"ఇమాంబీ, లోపలికి రా బిడ్డా" అని పిలిచింది ఉస్తానీబీ.

అక్క కదలలేదు. తననే పిలిచారని నమ్మకం కలిగినట్టు లేదు. లోపలి నుంచి వియ్యపురాలి గొంతు వినిపించింది: "ఉస్తానీబీ, ఆమెది రెండో..."

"నాకెరుకే. గీ కథ నేను చిన్నప్పటి నుంచి చదువుతున్న. ఆ తల్లి మన్నులకు పోయిందని ఏడ్చుకుంట చదివిన. గీ పిల్ల తల్లి బతికుండి గడప మీద కూసున్నది. ఆమె జాగ ఖాళీగ పెట్టుమంటె ముందటికి నేను చదవ."

ఎవరో లేచిన సవ్వడి. ఒక ఆమె పరదా తొలగించుకుని బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, అక్కను చూడకుండా వీధిలోకి వెళ్లిపోయింది. వెనకాల వియ్యపురాలు వస్తుందేమోనని నేను గడప వైపే చూస్తున్నాను. ఆమె వస్తే సహనక్ మాట అటుంచి, సంబంధమే పోతుంది. పరదా కదలలేదు. చివరికి ఆమె గొంతే వినిపించింది.

"రా వదినె, కూసో. పెరుగు పుల్లగయితది."

అక్క లేచింది. కొంగుతో పాదాలు తుడుచుకుంది. గడప దాటి లోపలికి పోయింది. కథ ఆగినచోటు నుంచి మళ్లీ మొదలైంది.

బావ అటే చూస్తూ ఉండిపోయాడు. ఆయన నాతో ఒకేసారి మూడు మాటలు మాట్లాడటం నేను అంతకుముందు ఎరగను. "గిన్నేండ్లు నన్ను చేసుకున్నందుకే గద బైట కూసున్నది" అన్నాడు. "నన్ను ఒక్కపారి కూడ ఏమనలే. అంటెనే బాగుండు అనిపించేది." ఆ మాట అని, గోడకున్న విల్లు తీసి, ఏకిన దూదినే మళ్లీ ఏకడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని దూది అందించాను.

సాయంత్రం అక్క చేతికి కొత్త గాజులతో, తలలో పూలతో కొట్టంలోకి వచ్చింది. ఎట్లుందని అడిగాను.

"మొగోళ్లకు చెప్పద్దు" అన్నది ముందు. తరువాత నవ్వి చెప్పేసింది. "అన్నం, పెరుగు, చక్కెర. గంతే తమ్మీ. గీ రుచి కోసమేనా నేను గింత తండ్లాడింది అనిపించింది. మల్ల ఇంకో ముద్ద పెట్టుకున్న."

నికా బాగా జరిగింది. నా సెలవు అయిపోయింది. మరునాడు పొద్దున మెట్‌పల్లి బస్టాండులో రెండు బస్సులు నిలిచి ఉన్నాయి, ఒకటి ఉస్తానీబీని తీసుకుని పడమటికి, ఇంకోటి నన్ను తీసుకుని తూర్పుకు పోవడానికి. పెండ్లివారు ముందు బస్సుకే వెళ్లిపోయారు. ఆమె మాత్రం వారితో పోలేదు. అక్క ఆమెను సాగనంపడానికి వచ్చింది. భైంసాకు టికెట్టు తీసుకొస్తానని నేను కదిలితే ఉస్తానీబీ ఆపింది.

"భైంసాకు కాదు బాబా. నిర్మల్ దాక తియ్యి."

"నిర్మల్ల ఎవరున్నరమ్మా?" అన్నది అక్క.

"మా చెల్లె." చేతిలోని రేకుపెట్టె కింద పెట్టింది. "దాని మొగడు పోతె మల్ల మనువాడింది. దాని బిడ్డ సహనక్ నేనే చదివిన. అది బైటనే కూసున్నది. గా దినం నుంచి నాతోని మాట్లాడలే."

నేను టికెట్టు తెచ్చి ఇచ్చాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుండగా వంగి అక్కతో అన్నది.

"పుట్టుకకు, సావుకు, పెండ్లికి, దేనికి ఏం చదవాలెనో నాకు ఎరుకే బిడ్డా. దాని తలుపు కాడ నిలబడి ఏమనాలెనో ఎరుకలేదు."

అక్క ఆలోచించలేదు. "ఏం అనకున్రి ఉస్తానమ్మా. ఆకలయితున్నదని చెప్పున్రి. అన్నం పెట్టుమని అడుగున్రి."

ఆ బస్సు వెళ్లిపోయింది. కాసేపటికి నాదీ కదిలింది. కోరుట్ల, జగిత్యాల ఎప్పుడు దాటాయో తెలియదు. దారిపొడవునా నా కళ్ల ముందు ఒక తలుపే ఉంది. ఆ ఊర్లలో మదరసాలు వస్తున్నాయి, చదువుకున్న మౌల్వీలు వస్తున్నారు. పరదాల వెనక ఆ గొంతులు ఇంకెన్నాళ్లు వినిపిస్తాయో చెప్పలేను. కరీంనగర్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఈపాటికి ఆమె నిర్మల్‌లో ఆ ఇంటి ముందు నిలబడి ఉంటుందనుకున్నాను. ఆ చెల్లెలు తలుపు తీసిందో లేదో, తీసినా అన్నం పెట్టిందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. పెట్టిందనే ఇవాళ్టికీ అనుకుంటున్నాను.